హామీకి కూడా కొలత ఉండాలి

(సోమేనహళ్ళిలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేవాంగులు, తొగటవీరులు, పద్మశాలీలు, పట్టుసాలీలు, కురుహిన శెట్టులు అందరం ఒక పందిరి కింద కూర్చోవడమే ఒక పండగ. ఇట్లాంటి పండగ రోజు అప్పుల మాట, ధరల మాట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. కానీ నాకు పెద్దలు ఇచ్చిన విషయమే అది: మన మధ్యతరగతి నేత కుటుంబాల ఆర్థిక ఇబ్బందులు. ఆ ఇబ్బందుల్ని తీరుస్తామని ప్రతి ఎన్నికకూ మన గడప తొక్కేవాళ్ళు ఉండారు కాబట్టి, ఆ హామీల మాట కూడా కలిపే చెప్తాను.

ముందుగానే ఒక మాట. ఇది ఏ పార్టీ సభా కాదు. ఈ హాల్లో హస్తం వాళ్ళు ఉన్నారు, కమలం వాళ్ళు ఉన్నారు, దళం వాళ్ళు ఉన్నారు. మన బాగేపల్లి వైపు సుత్తి కొడవలి జెండా మోసినవాళ్ళూ ఉన్నారు. నేను ఎవర్నీ తిట్టను, ఎవర్నీ పొగడను. లెక్క మాత్రం చెప్తాను. లెక్క అడిగితే కోపం రావాల్సింది లెక్క తప్పినవాళ్ళకే గదా!

మనం ఏ లెక్కలో ఉన్నాం?

మన తాతల కాలంలో నేతగాడు అంటే ఇంట్లో గుంట మగ్గం, చుట్టూ ఆసు పోసే అవ్వ, కండెలు చుట్టే పిల్లలు. ఈ రోజు మన సమాఖ్యలో ఉన్న కుటుంబాలు అన్నీ అట్లా లేవు. రెండు మరమగ్గాలో నాలుగు మరమగ్గాలో పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చీరల అంగడి పెట్టుకున్నవాళ్ళు, బడిపంతుళ్ళు, బస్సు కండక్టర్లు, గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లలు, బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చుని ఇంటి లోను కంతులు కట్టే కుర్రోళ్ళు, అందరూ ఉన్నారు. పేదోళ్ళమని చెప్పుకోలేం, ఉన్నోళ్ళమని అనిపించుకోలేం. దేశంలో 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో నేతన్నలు, అనుబంధ పనివాళ్ళు కలిపి 35 లక్షల చిల్లర అని తేలింది. అందులో మూడింట రెండు వంతుల ఇళ్ళ ఆదాయం నెలకు 5 వేల లోపే. దానికి భయపడే మన వాళ్ళు మగ్గం వదిలి మధ్యతరగతిలోకి ఎక్కినారు. ఎక్కిన మెట్టు గట్టిదా కాదా అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్కరి ఇంటి లెక్కా కాదు, మాట్లాడుకోవడానికి వేసుకున్న లెక్క. దొడ్డబళ్ళాపురంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మగ్గాల మీద కష్టపడి నెలకు 30 వేలు తెచ్చుకుంటారనుకుందాం. ఇంటి బాడుగ 8 వేలు. ఇద్దరు పిల్లల చదువు, నెలకు సగటున 7 వేలు. సరుకులు, పాలు, గ్యాసు 9 వేలు. చీటీ 3 వేలు. ఫోన్లు, బస్సు, మందులు 3 వేలు. కూడితే 30 వేలకు 30 వేలు. అయిపోయింది! పెళ్ళికి, చావుకు, జ్వరానికి, మగ్గం రిపేరుకు ఇందులో చోటు లేదు. అమ్మాయి పెళ్ళికి బంగారం కొనాలంటే, 2019లో 10 గ్రాములు 35 వేల దరిదాపుల్లో ఉన్నది 2025లో లక్ష దాటింది. మజూరీ మూడింతలు పెరిగిందా? ఎవరి మజూరీ పెరిగిందో చేతులెత్తమంటే ఈ హాల్లో ఒక్క చెయ్యీ లేవదు.

ఇంక కార్డు సంగతి చూడండి. మన రాష్ట్రంలో బీపీఎల్ కార్డుకు కుటుంబ ఆదాయం ఏడాదికి 1 లక్ష 20 వేల లోపు ఉండాలి. అంటే నెలకు 10 వేలు. ఇద్దరు పనికి పోయే ఇంట్లో 10 వేలు దాటకుండా ఎట్లా ఉంటుంది? దాటితే ఏపీఎల్. 2024 నవంబరులో కార్డుల ఏరివేత మొదలైనప్పుడు ఎంతమంది గుండెలు దడదడ కొట్టుకున్నాయో మీకు తెలుసు. గొడవ అయినాక ప్రభుత్వం వెనక్కి తగ్గి, సర్కారు ఉద్యోగులవి, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళవి తప్ప మిగతావి తీయమని చెప్పింది. సరే, కార్డు నిలిచింది. కానీ ఒక్క కార్డు పోతుందేమోనని అంత భయం ఎందుకు పడినాం? కార్డు వెనకాల ఆసుపత్రి ఉంది కాబట్టి.

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్నాటకలో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స. ఏపీఎల్ కుటుంబానికి చికిత్స ప్యాకేజీలో 30 శాతం మాత్రమే, అది కూడా ఏడాదికి లక్షన్నర మించకుండా. ప్యాకేజీ ఖర్చు లక్షన్నర అయితే ప్రభుత్వం ఇచ్చేది 45 వేలు. మిగతా 1 లక్ష 5 వేలు మనం తేవాలి. ఇందాకటి లెక్కలో 30 వేల ఆదాయం వచ్చే ఇంటికి అది మూడున్నర నెలల మొత్తం సంపాదన. తిండీ తిప్పలూ మానేస్తే గానీ కట్టలేం. అందుకే మన ఇళ్ళలో జబ్బు వస్తే ముందు డాక్టరు గుర్తుకు రాడు, వడ్డీకి ఇచ్చేవాడు గుర్తుకొస్తాడు.

గ్యారంటీల లెక్క

2023 శాసనసభ ఎన్నికల్లో 5 గ్యారంటీలు వచ్చినాయి. న్యాయంగా చెప్పుకోవాలి, ఐదూ అమల్లోకి వచ్చినాయి. 2023 జూన్ 11న శక్తి బస్సులు మొదలైనాయి. తర్వాత గృహజ్యోతి, అన్నభాగ్య వచ్చినాయి. ఆగస్టు 30న గృహలక్ష్మి మొదలైంది. 2024 జనవరిలో యువనిధి మొదలైంది. బాగేపల్లి నుంచి బెంగళూరు గార్మెంట్స్‌కు పోయే ఆడకూతురు బస్సు చార్జీ మిగిలిందంటే అది చిన్న మాట కాదు. గృహలక్ష్మి 2 వేల చొప్పున ఏడాదికి 24 వేలు మన అక్కచెల్లెళ్ళ ఖాతాలో పడితే, ఆ డబ్బుతో చీటీ కట్టినవాళ్ళు, పిల్లల ఫీజు కట్టినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. "ఉచితాలు తిని జనం సోమరులైపోయినారు" అనే మాట నేను ఒప్పుకోను. పొద్దున ఐదు గంటలకు మగ్గం ఎక్కేవాళ్ళను సోమరులనే నోరు ఎవరికీ లేదు.

అయితే లెక్కలో రెండో వైపు కూడా చూడాలి.

మొదటిది, ప్రచారంలో చెప్పిన మాటకూ, తర్వాత వచ్చిన ఉత్తర్వుకూ మధ్య సందు. "200 యూనిట్ల కరెంటు ఉచితం" అని విన్నాం. ఉత్తర్వులో, నీ ఇంటి ఏడాది సగటు వాడకం మీద ఇంకొంచెం కలిపి అంతవరకే ఉచితం అని వచ్చింది. 60 యూనిట్లు వాడే ఇంటికి 200 రావు. "మనిషికి 10 కిలోల బియ్యం" అని విన్నాం. కేంద్రం బియ్యం అమ్మనన్నది, రాష్ట్రం దగ్గర బియ్యం లేకపోయె. అదనపు 5 కిలోలకు బదులు కిలోకు 34 రూపాయల లెక్కన మనిషికి 170 రూపాయలు వేసినారు. బియ్యమే ఇవ్వడం 2025లో గానీ కుదరలేదు. తప్పు ఎవరిదని ఆ రెండు ప్రభుత్వాలూ కొట్లాడుకున్నాయి. మన ఇంట్లో కుండ మాత్రం ఎవరి తప్పు అని అడగదు గదా.

రెండోది, ఎవరికి వర్తించదు అనేది ముందే చెప్పరు. గృహలక్ష్మిలో ఆ ఇల్లాలు గానీ భర్త గానీ ఆదాయపు పన్ను కట్టినా, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసినా అర్హత లేదు. మన నేతవాళ్ళకు ఇది తగిలే చోటు చూడండి. నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాడు వ్యాపారం కోసం జీఎస్టీ నంబరు తీసుకున్నాడనుకోండి. నంబరు ఉంది కాబట్టి కాగితం మీద వ్యాపారస్తుడు. నెలాఖరుకు చేతిలో మిగిలేది మాత్రం కూలివాడికన్నా తక్కువ. పక్కింట్లో 2 వేలు పడుతుంటాయి, ఈ ఇంట్లో పడవు. ఇద్దరిదీ ఒకటే కష్టం. ఇట్లాంటివాళ్ళ సంగతి ఎన్నికల వేదిక మీద ఒక్కరైనా మాట్లాడినారా?

మూడోది, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోవడం. 2025 జనవరి 5 నుంచి బస్సు చార్జీలు 15 శాతం పెరిగినాయి. ఆడవాళ్ళకు ఉచితమే, కానీ అదే బస్సులో మగవాళ్ళకు, ఆ ఇంటి కొడుకుకు పెరిగింది. నందిని పాలు 2023 ఆగస్టులో లీటరుకు 3 రూపాయలు, 2025 ఏప్రిల్ నుంచి ఇంకో 4 రూపాయలు పెరిగినాయి. పెరిగిన ధర పాడి రైతుకు పోతే మంచిదే, రైతు కూడా మన అన్నదమ్ముడే. కానీ మధ్యతరగతి ఇంటికి ఖర్చు ఖర్చే. 2024-25లో గ్యారంటీలకు పెట్టిన డబ్బు 52 వేల కోట్లు. ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్టు 3 లక్షల 71 వేల కోట్లు. అంటే రూపాయిలో 14 పైసలు. ఆ డబ్బు ఆకాశం నుంచి రాలేదు. మనం కొనే నూలులో, పెట్రోలులో, రిజిస్ట్రేషన్‌లో మనమే కట్టినాం. ఇవ్వొద్దని కాదు నేను చెప్పేది. ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తున్నారో అడిగే హక్కు మనకుంది అంటున్నాను.

ఏటికి ఆ పక్క, ఈ పక్క

సరిహద్దులో ఉన్నవాళ్ళం కాబట్టి మనకు రెండు రాష్ట్రాల ఎన్నికలూ చుట్టాల పెళ్ళిళ్ళ లాంటివే. హిందూపురం, ధర్మవరం చుట్టాలు వస్తే ముందు ఇదే మాట: "మీకెంత ఇచ్చినారు, మాకెంత ఇచ్చినారు?" ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే నేతన్న నేస్తం మొదలైంది, సొంత మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి 24 వేలు. మన దగ్గర 2020లో నేకార సమ్మాన్ వచ్చింది, ఏడాదికి 2 వేలు. తర్వాత 5 వేలు చేసినారు. అప్పుడు మనవాళ్ళు "ఆ పక్క పుట్టి ఉంటే బాగుండు" అన్నారు. ఆ పక్క ఐదు విడతలు డబ్బు పడింది. 2024లో ప్రభుత్వం మారినాక ఆ పథకం ఆ పేరుతో సాగలేదు. వాళ్ళు వేరే హామీలతో వచ్చినారు, వీళ్ళవి పోయినాయి.

తెలంగాణ సిరిసిల్ల సంగతి ఇంకా పెద్ద పాఠం. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చినారు. ఏడాదికి కోటి చీరల దాకా. ఇది చేతిలో డబ్బు పెట్టడం కాదు, పని ఇవ్వడం. మంచి పని. కానీ ఊరు ఊరంతా ఆ ఒక్క ఆర్డరు మీద నిలబడింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారినాక ఆ చీరలు ఆగిపోయినాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్ళీ ఆర్డర్లు వచ్చినాయి గానీ, మధ్యలో మగ్గాలు ఖాళీగా ఉన్న నెలల్లో బ్యాంకు కంతు మాత్రం ఆగలేదు. ఒకే పార్టీ మాట మీద, ఒకే ఆర్డరు మీద ఇల్లు కట్టుకుంటే ఇదే గతి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అప్పు మాఫీలూ అంతే. 2019లో మన రాష్ట్రంలో చేనేత నేకారుల అప్పు లక్ష వరకూ మాఫీ చేసినారు. ఎవరికి వచ్చింది? బ్యాంకులో, సహకార సంఘంలో అప్పు ఉన్నవాళ్ళకు. సావుకారి దగ్గర, మీటరు వడ్డీకి తెచ్చుకున్నవాడికి మాఫీ ఎవరిస్తారు? మన అప్పుల్లో ఎక్కువ భాగం ఆ రకమే. 2025 ఫిబ్రవరిలో మైక్రో ఫైనాన్సు వాళ్ళ వేధింపులు ఆపడానికి రాష్ట్రం ఒక అత్యవసర చట్టం తెచ్చింది. గడప దగ్గరికొచ్చి అవమానం చేసేవాడి మీద కేసు పెట్టొచ్చు. మంచిదే. కానీ అప్పు ఎందుకు అయింది అనే దానికి చట్టంలో జవాబు ఉండదు.

నీళ్ళ హామీ

ఇంక మన సొంత జిల్లా హామీ ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. అది నీళ్ళు. చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాలకు శాశ్వత నీటి వసతి కావాలని ఎన్ని ధర్నాలు, ఎన్ని పాదయాత్రలు! డాక్టర్ పరమశివయ్య గారి నివేదిక పేరు వినని మనిషి ఈ జిల్లాలో లేడు. చివరికి ఎత్తినహొళె పథకానికి 2014 మార్చి 3న మన చిక్కబళ్ళాపురం దగ్గరే శంకుస్థాపన చేసినారు. పశ్చిమ కనుమల నుంచి 24 టీఎంసీల నీళ్ళు, 12,912 కోట్ల ఖర్చు అన్నారు. సరిగ్గా రెండు రోజులకు, మార్చి 5న లోక్‌సభ ఎన్నికల తేదీలు వచ్చినాయి. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత రాష్ట్రంలో మూడు పార్టీలూ అధికారంలోకి వచ్చినాయి. ఖర్చు 23 వేల కోట్లు దాటింది. 2024 సెప్టెంబరు 6న, గౌరీ పండగ రోజు, సకలేశపుర వైపు మొదటి దశ పంపులు ఆన్ చేసినారు. శంకుస్థాపనకు పదేళ్ళ తర్వాత! అవి మొదలైన ఏడాదికి కూడా ఆ నీళ్ళు మన చెరువులకు రాలేదు. మనకు వచ్చినవి బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెబ్బాళ నాగవార కాలువ ద్వారా పంపిన నీళ్ళు. అవి చెరువుల్లో ఉంటే భూమిలో తేమ పెరుగుతుంది, కాదనను. తాగడానికి మాత్రం ఈ రోజుకీ బిందె పట్టుకుని ఫిల్టరు నీళ్ళ దగ్గర కాయిన్ వేస్తున్నాం. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్న తాలూకాలో తాగే నీళ్ళు కొనడం కూడా మధ్యతరగతి ఖర్చే. శంకుస్థాపన రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు హైస్కూలు వయసుకొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నీళ్ళు రాకముందే ఆ నీళ్ళ పేరుతో ఎన్ని ఎన్నికలు గెలిచినారో లెక్కపెట్టుకోండి.

"అందరూ అంతే" అంటే సరిపోదు

ఇంత విన్నాక మీలో చాలామంది "అందుకే అన్నా, అందరూ దొంగలే, ఎవరొచ్చినా ఇంతే" అంటారు. నాతో అసలు చిక్కు అక్కడే. "అందరూ అంతే" అనుకున్నవాడు ఓటు రోజు ఏం చేస్తాడు? రాత్రి గడప దగ్గరికి వచ్చిన కవరు తీసుకుని, కులం చూసో మొహం చూసో వేసి వస్తాడు. ఏమీ నమ్మనివాడిని ఎవరూ మోసం చేయక్కర్లేదు, వాడు ముందే చౌకగా దొరుకుతాడు. నాయకులకు మన అపనమ్మకం అంటే భయం లేదు. మన లెక్క అంటేనే భయం.

లెక్క మనకు కొత్తా? సావుకారి పడుగు ఇస్తే పోగులు ఎంచకుండా తీసుకుంటామా? ఎన్ని గజాలు, ఎన్నో నంబరు నూలు, జరీ ఎంత, మజూరీ ఎంత, ఏ రోజుకు ఇవ్వాలి, తరుగు ఎవరిది, ఇవన్నీ మాట్లాడుకున్నాకే గదా మగ్గానికి ఎక్కిస్తాం. ఒక చీరకు ఇంత విచారించేవాళ్ళం, ఐదేళ్ళ బతుకును మాత్రం మైకులో వినపడిన ఒక్క మాటకు ఇచ్చేస్తున్నాం.

అడిగితే పని జరుగుతుందని చెప్పడానికి మన రంగంలోనే రుజువు ఉంది. బట్టల మీద జీఎస్టీని 5 నుంచి 12 శాతానికి పెంచాలని, 2022 జనవరి 1 నుంచి అమలు అని కేంద్రం చెప్పింది. దేశమంతా నేత సంఘాలు, బట్టల వ్యాపారులు, మరమగ్గాల వాళ్ళు ఒకే మాట మీద నిలబడినారు. చాలా రాష్ట్రాలు కూడా వద్దన్నాయి. అమలు కావడానికి ఒక్క రోజు ముందు, 2021 డిసెంబరు 31న, జీఎస్టీ కౌన్సిల్ ఆ పెంపును ఆపింది. ఎందుకు గెలిచినాం? "నేతన్నను ఆదుకోండి" అని అడగలేదు కాబట్టి. "5 శాతమే ఉండాలి, జనవరి 1 లోపల చెప్పాలి" అని అడిగినాం కాబట్టి. ఒక అంకె, ఒక తేదీ. "ఆదుకుంటాం" అనే మాటకు అంకే లేదు, తేదీ లేదు. అందుకే అది ఎప్పుడూ తప్పదు, ఎప్పుడూ నెరవేరదు.

నాలుగు ప్రశ్నలు

కాబట్టి సమాఖ్య తరఫున నా మనవి ఇది. రేపు పంచాయతీ ఎన్నిక రానీ, తాలూకా, జిల్లా పంచాయతీ ఎన్నిక రానీ, శాసనసభ రానీ, మన వీధికి వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు ఇద్దాం, మర్యాద తప్పొద్దు. తర్వాత నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి: ఎవరికి? మా వీధిలో ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు? జీఎస్టీ నంబరు ఉన్న నాలుగు మగ్గాల వాడికి వస్తుందా? బాడుగ ఇంట్లో ఉన్నవాడికి వస్తుందా?

రెండు: ఎంత, ఎక్కడి నుంచి? ఆ డబ్బు ఏ పద్దు నుంచి తెస్తారు? ఏ ధర పెంచుతారు?

మూడు: ఎప్పటిలోగా? "అధికారంలోకి వచ్చినాక" అనేది తేదీ కాదు.

నాలుగు: రాకపోతే ఎవర్ని అడగాలి? ఏ ఆఫీసు, ఏ అధికారి?

ఇవి మన సొంత కోరికలని అనుకోవద్దు. 2013 జూలై 5న సుప్రీంకోర్టు తమిళనాడు ఉచితాల కేసులో తీర్పు ఇచ్చింది. మేనిఫెస్టోలో హామీ ఇవ్వడం చట్ట ప్రకారం అవినీతి నేరం కాదన్నది గానీ, ఉచితాలు ఎన్నిక సమానతను కదిలిస్తాయని చెప్పి, మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ ప్రకారం ప్రవర్తనా నియమావళిలో ఒక భాగమే చేర్చినారు. హామీకి కారణం చూపాలి, డబ్బు ఎట్లా తెస్తారో స్థూలంగా చెప్పాలి, నెరవేర్చగలిగిన హామీల మీదే ఓటరు నమ్మకం అడగాలి అని అందులో ఉంది. అంటే రూలు ఉంది. అడిగేవాడే లేడు.

చివరిగా మూడు పనులు. ఇవి ఏ ప్రభుత్వం చేతిలోనూ లేవు, మన చేతిలో ఉన్నాయి.

మొదటి పని, ప్రతి ఊరి సంఘంలో ఒక హామీల పుస్తకం పెట్టాలి. ఎవరు, ఏ తేదీన, ఏ సభలో, ఏం చెప్పినారో రాసి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ప్రతి వార్షికోత్సవంలో ఆ పుస్తకం చదవాలి. జరిగినవాటికి చప్పట్లు కొడదాం, ఆ నాయకుడికి శాలువా కూడా కప్పుదాం. జరగనివాటికి గ్రామసభలో అడుగుదాం, సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అర్జీ పెడదాం. డిగ్రీ చదివిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఒక అర్జీ రాయడం వాళ్ళకు కష్టమా?

రెండో పని, ఇప్పటికే మనకున్న హక్కులు ముందు వాడుకుందాం. సహకార సంఘ సభ్యులకు యశస్విని పథకం ఉంది, పల్లెల్లో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలు, 5 లక్షల దాకా చికిత్స. 2018లో ఆగిపోయి 2023 జనవరి నుంచి మళ్ళీ నడుస్తోంది. ఏపీఎల్ కార్డు ఉన్న మన ఇళ్ళకు ఇదే పెద్ద ఆసరా. నమోదు గడువు దాటిపోకుండా చూసుకోవాలి. 70 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కింద 5 లక్షల చికిత్స 2024 అక్టోబరులో మొదలుపెట్టినారు. మన అవ్వతాతలకు ఆ కార్డు చేయించారా అని ఇంటింటికీ అడగాలి. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఉన్నాయి. రెండూ కలిపి 456 రూపాయలు. ఇంటి పెద్ద పోయినాక ఆ ఇంటికి ఇవి ఉన్నాయా లేవా అన్నది చందాలు ఎత్తేటప్పుడు తెలుసుకోవడం మనకు మర్యాద కాదు.

మూడో పని, పిల్లల చదువు నిధి. మన ఉత్సవాలకు, పల్లకీలకు, ఊరేగింపులకు మనం చందా ఇస్తాం. చౌడేశ్వరమ్మ తల్లి కోపగించుకోదు, అందులో పదో వంతు తీసి పీయూసీ దాటిన పిల్లల ఫీజుకు వడ్డీ లేని అప్పుగా ఇద్దాం. ఉద్యోగం వచ్చినాక ఆ పిల్ల తిరిగి కడుతుంది, ఆ డబ్బుతో ఇంకో పిల్ల చదువుతుంది. మీటరు వడ్డీ వాడి గడపకు మన ఆడపిల్ల ఫీజు కోసం ఒక్క తండ్రి కూడా పోకూడదు. ఎవరి హామీ కోసమూ ఎదురు చూడకుండా మనకు మనం ఇచ్చుకునే గ్యారంటీ ఇదొక్కటే.

పెద్దలారా, ప్రభుత్వం ఇచ్చేది బిచ్చం కాదు, మన పన్నులో మన వాటా. తీసుకుందాం. తీసుకున్నందుకు తల వంచక్కర్లేదు, అడిగినందుకు భయపడక్కర్లేదు. ఓటు అడిగేవాళ్ళు ఈసారి మన వీధికి వచ్చినప్పుడు మనలో ఒకరి చేతిలో పుస్తకం, ఒకరి చేతిలో పెన్ను కనిపించాలి. అంతే చాలు, ఇచ్చే మాట దానంతట అదే కొంచెం జాగ్రత్తగా వస్తుంది.